ఎండాక్సాన్‌కి ముందు ఒక చిన్న డబ్బా

పిల్లల కోసం టెస్టులకని మా ల్యాబ్‌కు వచ్చే జంటల్లో భార్య చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఏఎంహెచ్, నెలనెలా తీసిన ఫాలిక్యులర్ స్కాన్లు, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ, కొందరికి ల్యాపరోస్కోపీ సీడీ కూడా. భర్త పేరు మీద ఒక్క కాగితం ఉండదు. ఆయన బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. నేను పనిచేసేది నెల్లూరు పొగతోటలో. ఆసుపత్రులూ స్కానింగ్ సెంటర్లూ మందుల షాపులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే పేట అది. కావలి, కందుకూరు, ఆత్మకూరు, ఉదయగిరి నుంచి పొద్దున్నే బస్సెక్కినవాళ్ళు మధ్యాహ్నానికి మా బెంచీల మీద ఉంటారు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, కొందరిలో భార్య సమస్యతో పాటు అదీ ఉంటుంది. దాన్ని పట్టుకునే వీర్యపరీక్షకు సూది అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. న్యాయంగా అయితే అన్నిటికన్నా ముందు చేయాల్సిన టెస్టు. మన దగ్గర అది అన్నిటికన్నా చివర జరుగుతుంది, అదీ డాక్టరమ్మ గట్టిగా కసిరితేనే. దీని మీద ఎంతైనా రాయొచ్చు. ఇవాళ నేను రాయాలనుకున్నది మాత్రం ఇంకా చిన్న గుంపు గురించి. వీళ్ళకు సమస్య ఒక మందు వల్ల వస్తుంది. వస్తుందని డాక్టర్లకు ముందే తెలుసు. ముందే జాగ్రత్త పడే దారీ ఉంది. అయినా చాలామంది ఆ దారి పట్టకుండానే మొదటి డ్రిప్ ఎక్కించుకుంటారు.

రక్తనాళాల వాపు జబ్బుల్ని డాక్టర్లు వాస్క్యులైటిస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సొంత రక్తనాళాల గోడల మీద పడుతుంది. గోడ వాచి లోపలి దారి ఇరుకవుతుంది, ఆ నాళం రక్తం అందించే అవయవం దెబ్బతింటుంది. ఏ నాళం వాచిందన్నదాన్ని బట్టి జబ్బు పేరు మారుతుంది. పెద్ద ధమనులకు వస్తే టకయాసు, ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తుంది, చేతి నాడి దొరకదు. పొగతాగే మగవాళ్ళకు కాలివేళ్ళు నల్లబడి కుళ్ళేది బర్జర్స్ జబ్బు. దానికి అసలైన వైద్యం పొగాకు పూర్తిగా మానేయడం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మీద బతికే ప్రకాశం జిల్లా పల్లెల్లో ఆ మాట చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో అక్కడివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సన్న నాళాలకు వచ్చేవాటిలో ఒకటి జీపీఏ. పాతకాలపు డాక్టర్లు వెజెనర్స్ అంటారు. ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు దాని బారిన పడతాయి.

మా పిన్ని కొడుక్కి వచ్చింది ఇదే. వాణ్ణి అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేరూ ఊరూ మాత్రం రాయను. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. ముక్కులో రక్తపు పక్కులు కడుతుంటే దుమ్ము అనుకున్నారు, తర్వాత సైనస్ అన్నారు. దగ్గులో రక్తం పడితే టీబీ మందులు మొదలుపెట్టారు. మన దగ్గర దగ్గులో రక్తం కనిపిస్తే ముందు టీబీనే అనుమానించాలి, అందులో నేను తప్పు పట్టను. కాళ్ళు వాచి, మూత్రంలో రక్తమూ ప్రొటీనూ కనిపించి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగాక ఒక కుర్ర డాక్టరుకు అనుమానం వచ్చి, ఈ రకం వాస్క్యులైటిస్‌ను పట్టించే ఆంకా అనే రక్తపరీక్ష రాశాడు. పాజిటివ్ వచ్చింది. కిడ్నీ బయాప్సీతో ఖాయమైంది. సిలికా దుమ్ము పీల్చే పనుల్లో ఉన్నవాళ్ళలో ఆంకా రకం వాస్క్యులైటిస్ ఎక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. వాడికి అందువల్లే వచ్చిందని నేననను. కానీ రాయి కోసేచోట నీళ్ళు పెట్టకుండా, మాస్కులు ఇవ్వకుండా పనిచేయించే యజమానులెవరైనా ఇది చదివితే మంచిదే.

ఈ జబ్బుకు ఎప్పటినుంచో ఇస్తున్న మందు సైక్లోఫాస్ఫమైడ్. వార్డుల్లో బ్రాండు పేరుతో ఎండాక్సాన్ అనే పిలుస్తారు. మొదట క్యాన్సర్‌కి వచ్చిన మందు. దాన్ని తిట్టేముందు అది చేసిన మేలు చెప్పాలి. 1958లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెజెనర్స్ రోగుల మీద ఒక సమీక్ష వచ్చింది. సరైన వైద్యం లేని ఆ రోజుల్లో వాళ్ళు సగటున బతికింది 5 నెలలు. ఏడాది తిరిగేలోగా 82 శాతం మంది పోయారు. తర్వాత అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో ఆంథొనీ ఫౌచీ (అవును, కరోనా రోజుల్లో టీవీలో చూసిన ఫౌచీయే), షెల్డన్ వుల్ఫ్ కలిసి ఈ మందును స్టెరాయిడ్లతో పాటు ఇవ్వడం మొదలుపెట్టారు. 1983లో వాళ్ళు ప్రకటించిన 85 మంది రోగుల్లో 93 శాతం మందికి జబ్బు పూర్తిగా అణిగింది. మా పిన్ని కొడుకు ఇవాళ కిడ్నీలు కాపాడుకుని, డయాలసిస్ లేకుండా తిరుగుతున్నాడంటే ఆ మందు చలవే.

దానికి చెల్లించాల్సిన వెల కూడా కొత్తగా తెలిసిందేమీ కాదు. సైక్లోఫాస్ఫమైడ్ వేసుకున్న మగవాళ్ళలో వీర్యకణాలు లేకుండా పోతున్నాయని 1972లోనే లాన్సెట్‌లో వచ్చింది. అంటే 50 ఏళ్ళు దాటింది. ఈ మందు వేగంగా విభజన చెందే కణాల్ని చంపుతుంది. జబ్బు చేస్తున్న తెల్లకణాలు ఎలా చస్తాయో, వృషణాల్లో రోజూ కోట్లలో తయారయ్యే వీర్యకణాల తల్లికణాలూ అలాగే చస్తాయి. నారుమడిలో మందు ఎక్కువై నారు మాడిపోతే, విత్తనం ఇంకా మిగిలుంటే మళ్ళీ పోసుకోవచ్చు. విత్తనమే పోతే మడి ఎంత బాగున్నా చేసేదేం లేదు. డోసు తక్కువగా ఉన్నప్పుడు కణాలు కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో తిరిగి వస్తాయి. డోసు దాటితే రావు. క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనాల్లో, ఒంటి వైశాల్యం లెక్కన చదరపు మీటరుకు మొత్తం 7.5 గ్రాములు దాటినవాళ్ళలో తిరిగి కోలుకున్నవాళ్ళు బాగా తక్కువ.

ఆ లెక్క ఎంత తొందరగా దాటిపోతుందో చూడండి. 55 కిలోల మనిషికి కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున డ్రిప్‌లో ఇస్తే ఒక్కోసారికి 800 మిల్లీగ్రాములకు కాస్త పైన. ఆరు డ్రిప్‌లకు 5 గ్రాములు. అక్కడితో ఆగితే చాలామందికి ఆశ ఉంటుంది. అదే మనిషి రోజుకు 100 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు నెలలు మింగితే 12 గ్రాములు. ఆ ఒంటికి ప్రమాద గీత 12 గ్రాముల దగ్గర్లోనే ఉంటుంది. మా వాడికి మొదట డ్రిప్‌లు ఎక్కించారు, జబ్బు తిరగబడ్డాక మాత్రలిచ్చారు. రెండూ కలిపి చూసుకోండి.

ఇక్కడ మగవాళ్ళు ఎప్పుడూ పొరబడే విషయం ఒకటుంది. వీర్యకణాల్ని తయారుచేసే కణాలు వేరు, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తయారుచేసే కణాలు వేరు. రెండోవాటిని ఈ మందు అంతగా దెబ్బతీయదు. అందుకని గడ్డం మామూలుగానే పెరుగుతుంది. కోరిక ఉంటుంది, కలయిక జరుగుతుంది, వీర్యం కూడా వస్తుంది. పైకి చూస్తే లోటేమీ లేదు. వీర్యంలో కణాల వంతు చాలా చిన్నది, మిగతాదంతా ద్రవమే కాబట్టి కంటితో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే తప్ప ఖాళీ అని తెలియదు. 'నాకేం తక్కువ' అని మా కౌంటర్ దగ్గర గొంతు పెంచిన పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. వాళ్ళు అబద్ధమాడరు. వాళ్ళకు నిజంగానే తెలియదు.

మా వాణ్ణి ఆసుపత్రిలో అసలు అడగలేదా అంటే, అడిగారు. అందుకే ఈ వ్యాసం. వాడు తర్వాత నాకు చెప్పినదాన్ని బట్టి ఆ రోజు జరిగిందిది. పెద్ద వార్డు, మంచానికీ మంచానికీ మధ్య ఒక స్టూలు పట్టేంత జాగా. రౌండ్స్‌లో వచ్చిన జూనియర్ డాక్టరు కేసు షీటు చూస్తూ, 'నీకు పెళ్ళయిందా? ఈ మందు వల్ల పిల్లలు పుట్టకపోవచ్చు. కావాలంటే ముందే స్పెర్మ్ ఫ్రీజ్ చేసుకోవచ్చు. చేసుకుంటావా?' అన్నాడు. తల దగ్గర బాబాయి, ఆ పక్కన మా మేనమామ, కాళ్ళ దగ్గర పిన్ని. పక్క మంచం ముసలాయన కూడా మాటలాపి ఇటు తిరిగాడు. 'ముందు వాడి ప్రాణం దక్కనీండి సార్, అయన్నీ తర్వాత' అన్నాడు బాబాయి. వాడు 'వద్దు సార్' అన్నాడు. షీటు మీద ఒక లైను రాశారు: వివరించడమైనది, పేషెంటు నిరాకరించెను.

కాగితం మీద అంతా సక్రమం. రేపు ఎవరడిగినా చూపించుకోవచ్చు. కానీ 24 ఏళ్ళ పెళ్ళికాని కుర్రాడు, రక్తం కక్కుకుని భయపడిపోయి ఉన్నవాడు, కన్నతల్లి ఎదుట 'ఔను సార్, నేను వెళ్ళి శాంపిల్ ఇస్తా' అంటాడా? ఆ ప్రశ్నకు ఆ చోట ఒకే జవాబు సాధ్యం. ఒకే జవాబు వచ్చేలా అడిగినదాన్ని నేను అడిగినట్టు లెక్కవేయను. ఆ జూనియర్ డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆ మాత్రం కూడా అడగని చోట్లు బోలెడున్నాయి. కోపం ఆ ఏర్పాటు మీద.

నా వాదన ఇదీ. ఈ మందు మొదలుపెట్టేముందు ఏ ఆసుపత్రిలోనైనా కొన్ని టెస్టులు తప్పకుండా రాస్తారు. సీబీపీ, లివర్ ఫంక్షన్, క్రియాటినిన్, మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ. అందులో హెచ్‌ఐవీ చూడండి. ఒకప్పుడు ఆ టెస్టు పేరెత్తడానికి డాక్టర్లే నసిగేవాళ్ళు, పేషెంట్లు ఉలిక్కిపడేవాళ్ళు. ఇవాళ హెర్నియా ఆపరేషన్‌కు వచ్చినవాడికి కూడా రాస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఎందుకంటే అందరికీ రాస్తారు. అందరికీ చేసేదాంట్లో సిగ్గుపడాల్సిందేమీ కనిపించదు. వీర్యం భద్రపరచడాన్ని కూడా ఆ లిస్టులోనే ఒక లైనుగా వేసేయాలి. 'కావాలా?' అని అడగకూడదు. 'ఈ మందు వేసే మగవాళ్ళందరికీ ఇది చేయిస్తామయ్యా, రేపు పొద్దున ఫలానా చోటికి వెళ్ళు' అని చెప్పాలి. వద్దనుకున్నవాడు వద్దంటాడు, ఆ హక్కు ఎక్కడికీ పోదు. సిగ్గుపడేవాడు మాత్రం నోరు తెరవక్కర్లేకుండా బయటపడతాడు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా సైక్లోఫాస్ఫమైడ్‌కి ముందే వీర్యం దాచమని గట్టిగా ఉంది. అది అక్కడి కాగితం. మన వార్డులో పనిచేయాలంటే అది టెస్టుల చీటీలోకి దిగాలి.

ఇంకో సంగతి ల్యాబ్ మనిషిగా చెబుతున్నాను. వీర్యం దాచే సెంటర్ వాళ్ళు ముందు అడిగే రక్తపరీక్షలు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ. ఆ రిపోర్టులు అప్పటికే పేషెంటు ఫైల్లో ఉంటాయి. అంటే సగం పని మందు కోసమే అయిపోయింది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది బాబాయి అన్న మాటే. ముందు ప్రాణం. ఎవరు కాదంటారు? ఊపిరితిత్తుల్లో రక్తం కారుతున్నవాడికి, క్రియాటినిన్ గంటగంటకూ పెరుగుతున్నవాడికి ఒక్కరోజు కూడా ఆగమని నేననను. అప్పుడు మందు వేసేయాల్సిందే. కానీ జీపీఏ రోగులందరూ ఆ స్థితిలో రారు. బయాప్సీ రిపోర్టు కోసం, ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం, మంచం ఖాళీ కోసం ఎదురుచూసిన రోజులుంటాయి. పైగా మొదట ఎక్కించేది ఎక్కువ డోసు స్టెరాయిడ్. ఆ వ్యవధి చాలు. మా వాడు డ్రిప్‌కి ముందు బయాప్సీ రిపోర్టు కోసమే కొన్ని రోజులు ఊరికే పడుకున్నాడు. 'ముందు ప్రాణం' అన్న మాట అత్యవసరంలో నిజం. మిగతా సమయాల్లో అది ఇబ్బందికరమైన సంభాషణను తప్పించుకునే మర్యాదైన పద్ధతి అయిపోయింది.

రెండోది, ఇదే జబ్బుకు ఇప్పుడు రిటుక్సిమాబ్ అనే ఇంకో మందు ఉందిగా అంటారు. ఉంది. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన రేవ్ ట్రయల్‌లో 197 మంది మీద చూస్తే అది సైక్లోఫాస్ఫమైడ్‌కు తీసిపోలేదని, తిరగబడ్డ జబ్బుకు ఇంకా మెరుగని తేలింది. వీర్యం మీద అలాంటి దెబ్బ లేదు. దానికి దగ్గరి నకలు మందును (బయోసిమిలర్) మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది, ధర దిగింది. పిల్లలు కావాల్సిన వయసులో ఉన్నవాడికి వీలైనచోట అదే ముందు ఆలోచించాలని నేనూ అంటాను. కానీ దిగిన ధర కూడా మా జిల్లాల్లో కూలి చేసుకునే ఇంటికి భారమే. కిడ్నీ బాగా దెబ్బతిన్నప్పుడు సైక్లోఫాస్ఫమైడ్ వైపే మొగ్గే డాక్టర్లూ ఉన్నారు. కాబట్టి ఎండాక్సాన్ ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది, శాంపిల్ పట్టే ఆ చిన్న డబ్బా అవసరమూ ఉంటుంది.

మూడోది, పెళ్ళే కాలేదు కదా అన్నది. ఇది వింటే నాకు నవ్వొస్తుంది. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడికి దీని అవసరం ఎంత? పెళ్ళికానివాడికే కదా ముందు చెప్పాలి. 18 నిండినవాడైతే వాడి సంతకం చాలు, తండ్రి సంతకంతో పనిలేదు.

శాంపిల్ ఇవ్వడం ఎలాగో కూడా చెప్పేస్తాను, ఎవరూ చెప్పరు కనుక. మామూలు వీర్యపరీక్షకు రెండు నుంచి ఏడు రోజులు కలయికా హస్తప్రయోగమూ లేకుండా ఉండి రమ్మంటాం. కణాలు దాచుకోవడానికి వచ్చిన జబ్బు మనిషి ఆ నియమం దగ్గర ఆగిపోనక్కర్లేదు. దొరికిన శాంపిల్ దొరికినట్టు ఇవ్వాలి, వ్యవధి ఉంటే ఒకటి రెండు రోజుల తేడాతో ఇంకోటి ఇవ్వాలి. సెంటర్‌లోనే ఇస్తే మంచిది. గదిలో గొళ్ళెం ఉంటుంది, ఎవరూ తలుపు కొట్టరు. ఇంటి దగ్గర తీసుకుని తెస్తే గంటలోపు, ఒంటికి ఆనించి వెచ్చగా తేవాలి. ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చినవాళ్ళున్నారు, కణాలు దెబ్బతింటాయి. మామూలు కండోములో పట్టి తెచ్చినవాళ్ళూ ఉన్నారు, దాని మీద పూసే మందు కణాలకు పడదు. డబ్బా మేమే ఇస్తాం, మూత వెడల్పుగా ఉంటుంది.

జ్వరంతో, స్టెరాయిడ్లతో ఉన్నవాడికి కౌంట్ తక్కువ రావడం మామూలే. ఒక మిల్లీలీటరులో 1.6 కోట్ల కణాలు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన కింది హద్దు. అది మామూలుగా పిల్లలు కలగడం గురించి. దాచుకోవడానికి ఆ హద్దు చూసి నిరాశపడక్కర్లేదు. ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో 1992లో మొదటి పిల్లలు పుట్టాక లెక్క మారిపోయింది. అండానికి ఒక్క బతికున్న కణం చాలు. దాచిన వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటుంది, ఏళ్ళ తరబడి ఉన్నా పాడవదు. ఏటా అద్దె కట్టాలి. సంతాన సాఫల్య చికిత్సల మీద 2021 చట్టం వచ్చాక ఇలాంటి సెంటర్లన్నీ రిజిస్టరై ఉండాలి, ఆ నంబరు అడిగి చూసుకోండి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ సంతాన సాఫల్య కేంద్రాలు చాలానే వచ్చాయి. ప్రతి ఒక్కరూ మద్రాసుకో రాయవేలూరుకో పరుగెత్తక్కర్లేదు. ఆసుపత్రికి దగ్గర్లో దాచే సౌకర్యం ఎక్కడుందో వార్డు నర్సు చేతిలో ఒక ఫోన్ నంబరు ఉంటే చాలు.

ఇక మా వాడి పెళ్ళి. జబ్బు అణిగింది, జబ్బు తిరగబడకుండా ఇచ్చే అజాథయోప్రిన్ మాత్రల మీద నిలకడగా ఉన్నాడు, సంబంధాలు చూశారు. అమ్మాయి తరఫువాళ్ళకు 'కిడ్నీకి చిన్న ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గింది' అని చెప్పారు. ఎవరు చెప్పారో రాయను గానీ, మా కుటుంబంలోనే. ఎండాక్సాన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెళ్ళయ్యాక పిల్లలు కలగలేదు. అందరిలాగే మరదల్ని తీసుకుని తిరిగారు. స్కాన్లు, గుడ్డు విడుదలయ్యే మాత్రలు, హెచ్‌ఎస్‌జీ. ఆ టెస్టు నొప్పి ఎలాంటిదో చేయించుకున్నవాళ్ళను అడగండి.

ఒక ఏడాది రొట్టెల పండుగకు మా ఇంటికొచ్చారు. తెలియనివాళ్ళకు: మొహర్రం నెలలో నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు తెచ్చిన రొట్టెను, అదే కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె. హిందువులూ ముస్లిములూ తేడా లేకుండా లక్షల్లో వస్తారు. సంతానం రొట్టె దగ్గర ఎప్పుడూ జనమే. మరదలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఎవరో మహాతల్లి చేతి నుంచి రొట్టె అందుకుంది. మా వాడూ పక్కనే నిలబడ్డాడు. ఆ నమ్మకాన్ని నేను ఎద్దేవా చేయను, మా అమ్మా ఏటా వెళ్తుంది. నేనడిగేది ఒకటే. అందరి ముందూ చెరువులో నిలబడటానికి సిగ్గుపడని మగవాళ్ళు, గొళ్ళెం ఉన్న గదిలోకి వెళ్ళడానికి ఎందుకంత సిగ్గుపడతారు?

ఆ రాత్రే వాడు పాత డిశ్చార్జి సమ్మరీ నా చేతిలో పెట్టాడు. కిడ్నీ సంగతి చూడమని ఇచ్చాడు, ఇందుకని కాదు. మందు పేరు, డోసులు చూశాక, పొద్దున్నే ల్యాబ్‌కి రమ్మన్నాను. కణాల్లేవు. మరోసారి చేసి, శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగు కూడా చూశాం. లేవు. వీర్యకణాలు తయారుచేయమని వృషణాలకు చెప్పే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది, అంటే మెదడు నుంచి ఆర్డర్లు వస్తున్నాయి, ఫ్యాక్టరీలో పనివాళ్ళు లేరు. ఈలోగా ఎవరో సలహా ఇచ్చారని వాడు 'బలం ఇంజెక్షన్లు' వేయించుకున్నాడట. ఇది చదివే కుర్రాళ్ళకు ఒక్కమాట. బయట నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే లోపల వీర్యకణాల తయారీ తగ్గుతుంది, పెరగదు. జిమ్ముల్లో వేసేవీ అవే.

వాస్క్యులైటిస్ ఉన్న మగవాళ్ళు మిగతా మందుల గురించి కూడా భయపడి మానేస్తుంటారు, అదీ ప్రమాదమే. అజాథయోప్రిన్ వేసుకుంటూ తండ్రి కావచ్చు. మెథోట్రెక్సేట్‌ను కూడా మగవాళ్ళు ఆపక్కర్లేదని 2020 మార్గదర్శకాలు అంటున్నాయి, అయినా మీ డాక్టరుతో మాట్లాడే నిర్ణయించుకోండి. సైక్లోఫాస్ఫమైడ్ మాత్రం ఆపాక కనీసం మూడు నెలలు ఆగాలి. ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక. జబ్బే నేరుగా దెబ్బతీసే సందర్భాలూ ఉన్నాయి. పాలీఆర్టరైటిస్ నోడోసా అనే రకంలో వృషణాల నొప్పి జబ్బును గుర్తించే లక్షణాల్లో ఒకటి. బెచెట్స్ అనే మరో రకంలోనూ అక్కడ వాపు రావచ్చు. జ్వరమూ బరువు తగ్గడమూ ఉండి అక్కడ నొప్పి ఉంటే, దయచేసి డాక్టరుకు చెప్పండి. గజ్జల్లో నొప్పి అని చెప్పి వదిలేయకండి.

ఒక కిడ్నీ డాక్టరుగారితో ఈ లిస్టు సంగతి మాట్లాడాను. 'ఓపీలో మనిషికి అయిదు నిమిషాలు, అందులో ఇది కూడానా' అన్నారు. ఆయన కష్టం నిజమే. అందుకే ఆయన్ని చెప్పమనట్లేదు, చీటీలో అచ్చు వేయమంటున్నాను. మిగతాది నర్సు చెబుతుంది, పేషెంటును ఒక్కణ్ణే పక్కకు పిలిచి. మగ నర్సయితే ఇంకా సులువు. కొందరు ఆడవాళ్ళ సంగతేంటని అడిగారు. సైక్లోఫాస్ఫమైడ్ వాళ్ళ అండాల నిల్వనూ తగ్గిస్తుంది, పైగా అండాలు దాచడానికి ఇంజెక్షన్లతో దాదాపు రెండు వారాలు కావాలి. వాళ్ళ ప్రశ్న ఇంకా కష్టమైనది, అది వేరే రాస్తాను. మగవాడిది ఒక్క పొద్దున్న పని. తేలిగ్గా అయ్యేదాన్నే మనం చేయకపోవడం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

రిపోర్టు వచ్చాక మరదలికి వాడే చెప్పాడు, అంతా. ఆమె చాలా రోజులు మా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు నన్నే అడిగింది. 'అందరూ కలిసి నాకు చెప్పకుండా ఉంచారు గదా బావగారూ. చెప్పుంటే నేను వద్దనేదాన్నని ఎట్టా అనుకున్నారు?' నా దగ్గర జవాబు లేదు. పెళ్ళికి ముందు చెప్పితీరాలని నా అభిప్రాయం. చెబితే సంబంధం తప్పిపోతుందన్నది నిజమే అయినా, అప్పుడు వద్దనే హక్కు ఆ పిల్లకుంది.

ఇప్పుడు వాళ్ళ ముందు మూడు దారులున్నాయి. వృషణంలో అక్కడక్కడా మిగిలిన కణాల కోసం వెతికే మైక్రో టీసీ ఆపరేషన్, ఇలాంటి మందుల తర్వాత కూడా కొందరిలో దొరుకుతాయి. దాత వీర్యం. దత్తత. మా మేనమామ రెండోదాన్ని ఒప్పుకోడు, పిన్ని మూడోదాన్ని ఒప్పుకోదు. వాళ్ళ ఒప్పుదలతో పనిలేదని మరదలు తేల్చేసింది. ముందు ఆపరేషన్ గురించి కనుక్కుందామని, ఈసారి డాక్టరు గదిలోకి వాళ్ళిద్దరే వెళ్తామని, బయట కూర్చోవడానికి కూడా ఎవరూ రావద్దని చెప్పింది. పండుగ దాటాక మద్రాసు వెళ్తున్నారు. బస్సు టికెట్లు మా వాడే తీశాడు.